మట్టపర్తి వారి డాబా విద్యుత్కేంద్రం

అంబటిపూడిలో ఎండకు లెక్క రాసిన పాపాన ఎవరూ పోలేదు. పొద్దున్నే వస్తుంది, సాయంత్రానికి పోతుంది, మధ్యలో నెత్తి మాడుస్తుంది. ఆ మాత్రం దానికి రిజిస్టరెందుకని ఊరివాళ్ళ ఉద్దేశం. అది ఎంత తప్పుడు ఉద్దేశమో వాళ్ళకు తెలిసిరావడానికి మట్టపర్తి సత్యానందం డాబా మీద ఎనిమిది సోలారు పలకలు దిగాల్సి వచ్చింది.

సత్యానందం బస్సు కండక్టరు. మనిషి మంచివాడే, కాకపోతే ఎదుటివాడు కాస్త గట్టిగా చెబితే నమ్మేస్తాడు. అలా నమ్మి ఏడాదిపాటు కొర్రన్నం తిన్నాడు. అలా నమ్మే పెరట్లో కౌజుపిట్టలు పెంచాడు, అవి పిల్లి పాలయ్యాయి. ఈసారి బస్సులో ముందు సీట్లో కూర్చున్న ఒక సోలారు ఏజెంటు, సూర్యుడు కరెంటు ఊరికే ఇస్తుంటే జనం డబ్బు కట్టి కొనుక్కుంటున్నారని చెప్పి కంటతడి పెట్టుకున్నంత పని చేశాడు. పెట్టిన ఖర్చు ఐదేళ్ళలో తిరిగొచ్చేస్తుందట. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు అంతా ఉచితమేనట. సత్యానందం రెండు స్టాపుల్లో టిక్కెట్లు కొట్టడం మరిచిపోయి మరీ విన్నాడు. ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "రోజూ మన డాబా మీద ఎంత ఎండ పారబోసుకుంటున్నామో తెలుసా వేణీ" అని భార్య దగ్గర బాధపడ్డాడు.

"పారబోసుకోటం ఏంటండీ. నా వడియాలు మరి దేంతో ఎండుతున్నాయనుకుంటన్నారు?" అంది వీరవేణి.

న్యాయానికి ఆ డాబా సంగతి ఆవిడనే అడగాలి. పంతొమ్మిదేళ్ళుగా వీరవేణి బూడిదగుమ్మడి వడియాలు, మినప వడియాలు, ఊర మిరపకాయలు పెట్టి అమ్ముతోంది. చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ళలో ఆడపిల్లకు సారె పెట్టాలంటే బంగారం ఎక్కడ కొన్నారని అడగరు, వడియాలు వీరవేణి దగ్గర తెచ్చారా అని అడుగుతారు. ఆ ఇల్లు ఆవిడ పేరనే ఉంది. అంతకుముందు దాని మీద రేకులుండేవి. స్లాబు పోసింది అచ్చంగా వడియాల డబ్బుతోనే. కంకర, సిమెంటు, ఇనుము ఏ ఏడాది ఏ వడియాలతో వచ్చాయో ఆవిడ ఇప్పటికీ వేళ్ళ మీద చెప్పగలదు. ఆ డాబా మీద ఎండ లేకపోతే ఆవిడకు చేతులు లేనట్టే.

అయినా మొగుడు అంతగా ముచ్చట పడుతున్నాడు కదాని ఒప్పుకుంది. ప్రభుత్వం కొంత సబ్సిడీ ఇచ్చింది, మిగతాదానికి బ్యాంకువాళ్ళు అప్పిచ్చారు. మనుషులొచ్చి ఇనప చట్రాలు బిగించి, వాటి మీద నల్లటి అద్దాల పలకలు పరిచి వెళ్ళారు. అంతా అయ్యాక చూసుకుంటే ఎనిమిది చాపలు పట్టే చోట పిట్టగోడ వారన ఒక చాప పట్టే చోటు మిగిలింది. ఐదేళ్ళు ఓపిక పట్టమన్నాడు సత్యానందం.

మొదటి నెల కరెంటు బిల్లు నిజంగానే తగ్గింది. సత్యానందం ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని, చిల్లర అడిగినవాడికీ అడగనివాడికీ చూపించాడు.

రెండో నెల ఉత్తరం వచ్చింది. అది ఇంటికప్పు విద్యుదుత్పత్తి పర్యవేక్షణ విభాగం నుంచి, "కేంద్రాధిపతి, శ్రీమతి మట్టపర్తి వీరవేణి గారికి" అని వచ్చింది. సదరు గృహము ఇకపై గృహము మాత్రమే గాక విద్యుదుత్పత్తి కేంద్రము కూడా అయి ఉన్నందున, సదరు కేంద్రము రేపు ఎన్ని యూనిట్లు ఉత్పత్తి చేయబోవునదీ నేటి సాయంత్రము నాలుగు గంటలలోపు ఫారము ఏడులో తెలియజేయవలెనట. చెప్పినదానికీ వచ్చినదానికీ నూటికి పది పాళ్ళకు మించి తేడా ఉండరాదట. ఉంటే సంజాయిషీ ఇవ్వాలి. సంతృప్తికరమైన సంజాయిషీ లేని తేడాలు మూడు జరిగితే కేంద్రము, అనగా డాబా, సీలు చేయబడునట.

వీరవేణి ఆ చివరి ముక్క మూడుసార్లు చదివింది. సీలు చేయడమంటే ఏమిటని మొగుణ్ణి అడిగితే, మెట్ల తలుపుకు తాళం వేసి లక్క ముద్ర కొడతారని చెప్పి, మనదాకా రాదులే అన్నాడు. బండి టైమయిందని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

కాబట్టి రోజూ మధ్యాహ్నం మూడున్నరకి పిండి చేతులు కడుక్కుని, కాలవ వంతెనకు ఇవతలే ఉన్న ఆఫీసుకు నడిచి వెళ్ళడం వీరవేణి వంతయింది. ఫారం ఏడులో పద్ధెనిమిది గళ్ళున్నాయి. అందులో ఆరో గడి, "రేపు సూర్యుడు ఉదయించు సమయము". ఏడో గడి, "ఉదయించని యెడల కారణములు". మొదటిరోజు ఆవిడ ఏడో గడి ఖాళీగా వదిలేస్తే గుమస్తా ఒప్పుకోలేదు. వర్తించదు అని రాయాలట. రాసింది. యూనిట్ల గడిలో పన్నెండు వేసింది. రోజూ వచ్చేది అంతే మరి.

పన్నెండు రోజులు పన్నెండే వచ్చాయి, అటూ ఇటూ ఒకటి తేడాలో. పదమూడో రోజున గోదావరి మీదుగా ఒక మబ్బు వచ్చి, అంబటిపూడి నెత్తిన మూడు గంటలు నిలబడి, చినుకైనా రాల్చకుండా తన దారిన తాను పోయింది. ఏడు యూనిట్లొచ్చాయి. మర్నాడు పొద్దున్నే తాఖీదు వచ్చింది.

ఉప పర్యవేక్షణాధికారి గుడిమెట్ల చిదంబరరావు చాలా శుభ్రమైన మనిషి. ఆయన బల్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం పెన్సిళ్ళు చెక్కిన మొనలన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఆయన ఎవరినీ కసురుకోడు, లంచం అడగడు, కుర్చీ కూడా వేయిస్తాడు. అందువల్ల ఆయన నుంచి తప్పించుకునే మార్గం ఏదీ లేదు. వీరవేణి కూర్చుని, నిన్న మబ్బు పట్టిందని చెప్పింది. ఆయన తల పంకించి, ఆధారం అడిగాడు.

"ఊరంతా చూసిందండి."

"ఊరంతా చూచినది కార్యాలయము చూచినట్లు కాదమ్మా. మేఘ ధ్రువీకరణ పత్రము జతపరచవలసి ఉంటుంది. అది రెవెన్యూ వారు ఇస్తారు."

ఎంత కరెంటు వస్తుందన్నది తమ విభాగానికి ముఖ్యం కాదని కూడా ఆయన ఓపిగ్గా వివరించాడు. ఒక యూనిట్టు రానీ, వంద రానీ. చెప్పినంత వచ్చిందా లేదా అన్నదే చూస్తారు. క్రమశిక్షణ అనేది అక్కడే ఉందట.

రెవెన్యూ ఇన్స్పెక్టరు దగ్గరికి వెళ్ళింది. పాపం ఆయన కూడా సాయం చేద్దామనే చూశాడు. కులానికి, ఆదాయానికి, నివాసానికి ఫారాలున్నాయి గానీ మబ్బుకు లేదు. అందుకని నివాస ధ్రువీకరణ ఫారాన్నే మబ్బుకు సరిపెట్టాడు. మేఘము పేరు దగ్గర తెలియదు అని రాశాడు. తండ్రి పేరు దగ్గర కాసేపు ఆలోచించి గీత గీశాడు. ఎంతకాలంగా ఈ మండలంలో ఉంటున్నదీ అంటే, మూడు గంటలు. అసలు చిక్కు అక్కడొచ్చింది. మబ్బు కాలవ దాటి వచ్చింది. కాలవ అవతల వేరే మండలం. అంటే ఆ మబ్బు అక్కడిది, ఇక్కడికి వచ్చిపోయిందంతే. ఆ మండలం వాళ్ళు తమకు అభ్యంతరం లేదని రాసిస్తే గానీ ఈయన సంతకం పెట్టలేడు. వీరవేణి రెండు బస్సులు మారి ఆ మండలం ఆఫీసుకు వెళ్ళింది. అక్కడివాళ్ళు ఆ రోజు తమ రికార్డుల ప్రకారం మబ్బేదీ బయటకు పోలేదన్నారు.

ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఇద్దరు సాక్షులతో, మబ్బు నిలబడ్డ చోటి కింది సర్వే నంబరు వేయించి, తొమ్మిదో రోజున పత్రం సాధించింది. ఈ ధ్రువపత్రము మేఘము యొక్క ప్రస్తుత స్థితికి వర్తించదని కింద చిన్న అక్షరాలతో ఉంది. చిదంబరరావు దాన్ని రెండుసార్లు చదివి, పత్రం బాగుందని మెచ్చుకుని, ఏడు రోజుల గడువు దాటిపోయింది గనుక స్వీకరించలేనన్నాడు. ఎర్ర పెన్సిలుతో తేడా ఒకటి అని రాసుకున్నాడు.

ఆ వారంలోనే ఒక జల్లు పడింది. జల్లు పడుతుందని రేడియోలో విని, ఈసారి జాగ్రత్తగా ఆరు అని రాసింది వీరవేణి. ఆ జల్లు కాస్తా తెల్లవారకముందే కురిసి, పలకల మీద దుమ్మంతా కడిగేసి వెళ్ళిపోయింది. పొద్దున్నే కళ్ళు చెదిరే ఎండ కాసింది. పదిహేను యూనిట్లు వచ్చాయి. ఎక్కువొస్తే సంతోషిస్తారేమో అనుకుంది పిచ్చి ఇల్లాలు. తాఖీదు మీద ఈసారి "అనధికార అధికోత్పత్తి" అని ఉంది. సదరు సూర్యుని అదుపు చేయుటలో కేంద్రాధిపతి ఉదాసీనత వహించినట్లు తేలినదట. తేడా రెండు.

ఇంకొక్కటి జరిగితే డాబాకు తాళం. సరిగ్గా అప్పుడే పక్క ఊరి పెళ్ళివారొచ్చి, వైశాఖంలో పెళ్ళికి పద్ధెనిమిది కిలోల వడియాలు చెప్పి, తాంబూలంలో బయానా పెట్టి వెళ్ళారు. అంత పెద్ద సారె ఆవిడ ఎప్పుడూ పెట్టలేదు. కాదనడానికి నోరు రాలేదు. ఒక్క చాప చోటులో అన్ని వడియాలు ఎండాలంటే శ్రావణం వస్తుంది. ఈలోగా ఏ మబ్బు వస్తుందో, ఏ ఎండ కాస్తుందో, ఎవరికి తెలుసు? సత్యానందం అన్నం ముందు కూర్చుని, కౌజుపిట్టలే నయం, వాటికి ఫారాల్లేవు అన్నాడు. వీరవేణికి ఒళ్ళు మండి మజ్జిగ గిన్నె విసురుగా ముందుకు తోసింది. ఆవిడకు నిజంగా భయం వేసింది.

మర్నాడు మూడున్నరకి ఆఫీసులో ఫారం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. చిదంబరరావు చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. తర్వాత లేచి ఆయన గదిలోకి వెళ్ళింది.

"ఇంతకంటే తక్కువ రాయకూడదని మీ పుస్తకంలో ఎక్కడన్నా ఉందాండి?"

ఆయన పుస్తకం తీశాడు. నిబంధనలు, ఉపనిబంధనలు, అనుబంధాలు అన్నీ తిరగేశాడు. కనిష్ఠ పరిమితిని గూర్చి ప్రస్తావన లేదని, అడిగినందుకు అభినందనీయమని చెప్పాడు. వీరవేణి ఆయన బల్ల మీదే కాగితం పెట్టి, రేపటి యూనిట్ల గడిలో గుండ్రంగా సున్నా చుట్టింది.

ఇంటికొచ్చి, పొద్దు వాలకముందే ఒక పలక మీద సత్యానందం పాత పంచె పరిచి చూసింది. కిందకు వచ్చి, పలకల లెక్క చూపించే మీటరు పెట్టె దగ్గర నిలబడితే ఆ పలక లెక్క ఇంకా పలచగా కదులుతూనే ఉంది. పంచె పనికిరాదని తేలింది. పొరుగున వడ్లు ఆరబోసుకునే వాళ్ళనడిగి నాలుగు నల్లటి టార్పాలిను బరకాలు తెచ్చింది. తెల్లవారుతూనే ఎనిమిది పలకల మీదా బరకాలు కప్పి, అంచులకు తాళ్ళు కట్టింది. వాటి మీద ఉతికిన పంచెలు పరిచింది. పంచెల మీద ఎనిమిది చాపల గుమ్మడి వడియాలూ వరసలు తప్పకుండా పెట్టింది. పలకలు కొంచెం వాలుగా ఉన్నాయి గానీ పిండి గట్టిగా రుబ్బింది కాబట్టి ఒక్కటీ జారలేదు.

ఆ రోజు సున్నా వచ్చింది. చెప్పింది సున్నా, వచ్చింది సున్నా. అంతకన్నా ఆశ్చర్యం, కింద గాజు, పైన నల్ల బరకం కాగి కూర్చున్నాయేమో, మూడు రోజులు ఎండాల్సిన గుమ్మడి వడియాలు మధ్యాహ్నం రెండు గంటలకే గలగలలాడాయి. వీరవేణి ఒకటి నోట్లో వేసుకుని కొరికి చూసి, సూర్యుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. పంతొమ్మిదేళ్ళుగా చాకిరీ చేస్తోంది, ఇంత మంచి ఎండ ఎప్పుడూ ఎరగదు.

ముప్ఫై రోజులు అదే వరస. మబ్బు పట్టింది, సున్నా. జల్లు పడింది, వడియాలు తీసి లోపల పెట్టుకుంది, బరకాలు మాత్రం అలాగే ఉంచింది, సున్నా. నిప్పులు చెరిగే ఎండ, సున్నా. తాఖీదులు ఆగిపోయాయి. పెళ్ళివారి వడియాలు పదిహేను కిలోలు డబ్బాల్లోకి వెళ్ళి డాబా మీది గదిలో చేరాయి. కరెంటు బిల్లు మళ్ళీ పాతదే వచ్చింది, దాని పక్కన బ్యాంకు వాయిదా కూడా వచ్చింది. సత్యానందం ఆ నెల బిల్లు ఎవరికీ చూపించలేదు.

పెళ్ళి ఇంకా తొమ్మిది రోజులుందనగా చిదంబరరావు తనిఖీకి వచ్చాడు. వెంట ఒక ఫోటో తీసేవాడు, ఒక గుమస్తా. ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చిన పలకల మీద బరకం కప్పి వడియాలు పెట్టుకున్న ఆడదాన్ని ఏమంటారో ఊహించుకుని వీరవేణి మెట్ల తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆయన డాబా అంతా కలియతిరిగాడు. బరకం ఎత్తి చూశాడు. పెట్టె చూశాడు. ఫారాలు చూశాడు. ఏం చేయాలో తోచక ఆవిడ కిందికెళ్ళి, వేడివేడిగా వడియాలు వేయించి, పప్పన్నంలోకి పెట్టింది. చిదంబరరావు మొహమాటపడుతూనే పద్నాలుగు వడియాలు తిన్నాడు. ఆ దృశ్యాన్ని కూడా ఫోటో తీయించాడు. నివేదికలో క్షేత్రస్థాయి పరిశీలన కింద పెట్టాలట.

చేయి కడుక్కుని వచ్చాక గొంతు సవరించుకున్నాడు.

"ముప్పది దినములు వరుసగా లేశమాత్రము తేడా లేని కేంద్రము నా పరిధిలో ఇది ఒక్కటే తల్లీ. మా విభాగము పుట్టిన తరువాత ఇదే ప్రథమము." ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి.

వారం తిరక్కుండానే డాబా మీద షామియానా వేశారు. దాని నీడకు ఉత్పత్తి పడిపోతుందని ఎవరూ అనుకోలేదు, పడిపోవడానికి ఏమీ లేదు. పెద్ద అధికారులొచ్చారు. వీరవేణికి శాలువా కప్పి, ఆదర్శ ఉత్పత్తి కేంద్రం అని ఇత్తడి ఫలకం, దానితో పాటు తనిఖీ నివేదిక ప్రతి ఒకటి ఇచ్చారు. ఒకాయన మాట్లాడుతూ, అంబటిపూడి విధానాన్ని మిగిలిన కేంద్రాలన్నీ అనుసరించాలని, ప్రతి ఇంటి పలకలూ తక్షణం బరకాలతో కప్పి, పైన వడియాలు పెట్టాలని, వడియాలు పెట్టడం రానివారికి శిక్షణ ఇవ్వాలని ప్రకటించారు. సత్యానందం గట్టిగా చెబితే నమ్మే మనిషి కదా, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్లు ఆగాక చిదంబరరావు ఉత్తర్వు చదివాడు. సున్నా సాధించుటలో వడియములు కీలక పాత్ర వహించినందున, సదరు వడియములను ఈ విధానము అమలులోకి వచ్చిన మొదటి దినము నుండియే కేంద్రము యొక్క పరికరములుగా పరిగణించడమైనది. డబ్బాలలో ఉన్నవి, ఆరబెట్టినవి అన్నియు స్టాకు రిజిస్టరులో చేర్చడమైనది. వీటిని కేంద్రము దాటించుట, విక్రయించుట, వేయించుట నిషిద్ధము. గుమస్తా అప్పటికే డబ్బాలకు నంబర్లు వేస్తున్నాడు.

పెళ్ళి ఎల్లుండి. శాలువా భుజాన ఉండగానే వీరవేణి ఆయన వెంటపడింది. ఆడపిల్ల సారె అని చెప్పింది, మాట పోతుందని చెప్పింది, పంతొమ్మిదేళ్ళ పేరు సార్ అని చెప్పింది. ఆయన చాలా బాధపడ్డాడు. పరికరాలను వదిలించుకోవడానికి మార్గం లేకపోలేదన్నాడు. టెండరు పిలవాలి. మూడు నెలలు పడుతుంది.

ఆ మధ్యాహ్నం పెళ్ళివారు మనిషిని పంపారు. రేపు పొద్దున్నే బండి తెస్తామని అతను చెప్పి వెళ్ళాడు. వీరవేణి గడప మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. సత్యానందం పక్కన నిలబడి, తను ఆ ఏజెంటు మాట వినకుండా ఉండాల్సిందని మొదటిసారి ఒప్పుకున్నాడు. ఆవిడ ముక్కు తుడుచుకుని, గోడకు తగిలించిన ఆదర్శ కేంద్రం నివేదిక వైపు చూసింది. అందులో ఏడో పేజీలో ఫోటో ఉంది. తర్వాత మొగుడి చేత రెండు తెల్లకాగితాలు తెప్పించుకుంది. రెండు నెలలుగా తాఖీదులు చదివీ చదివీ ఆ భాష ఆవిడకు నోటికి వచ్చేసింది.

నాలుగు కాకముందే చిదంబరరావు బల్ల మీద ఫారం ఏడుతో పాటు తను రాసిన కాగితం కూడా పెట్టి, నిలబడే ఉంది. కుర్చీ వేయించినా కూర్చోలేదు. ఆయన చదివాడు.

"విషయము: కేంద్రము యొక్క పరికరములు పద్నాలుగు కనబడకపోవుట గురించి. సదరు పరికరములను ఉప పర్యవేక్షణాధికారి గారు పప్పన్నముతో ఆరగించినట్లు తమ నివేదిక ఏడవ పేజీలోని ఛాయాచిత్రము వలన తెలియుచున్నది. ఏడు దినములలోపు సంతృప్తికరమైన సంజాయిషీ, లేదా సదరు పద్నాలుగు పరికరములు యథాతథ స్థితిలో అప్పగించవలెను. జత: ఛాయాచిత్రము ఒకటి. నకలు: పై అధికారులకు."

చిదంబరరావు ఎరుపు పెన్సిలు తీసుకున్నాడు, పెట్టేశాడు. ఆకుపచ్చది తీసుకున్నాడు, అదీ పెట్టేశాడు. ఫోటో వంక చూశాడు. అందులో తన నోట్లో సగం, చేతిలో సగం ఉన్న పరికరం చాలా స్పష్టంగా పడింది.

"యథాతథ స్థితిలో అనేది కష్టమమ్మా" అన్నాడు చివరికి, నెమ్మదిగా.

"తెల్సండి."

ఆయన స్వహస్తంతో ఉత్తర్వు సవరించాడు. పునఃపరిశీలించిన మీదట వడియములు పరికరములు కావనియు, ఎన్నడును కాలేదనియు, అవి తినుబండారములు మాత్రమే అనియు నిర్ధారించడమైనది. ముద్ర కూడా ఆయనే కొట్టాడు. వీరవేణి పై అధికారులకని రాసిన నకలు కాగితం చింపి ఆయన చెత్తబుట్టలోనే వేసి, దణ్ణం పెట్టి వచ్చేసింది.

పద్ధెనిమిది కిలోలూ మర్నాడు బండెక్కాయి. సారె విప్పినచోట ఆడపెళ్ళివారి పేరు నిలబడిందని, మగపెళ్ళివారు రెండోసారి అడిగి వేయించుకున్నారని కబురొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో సోలారు ఉన్న ప్రతి ఇంటి మీదా ఇప్పుడు బరకాలు కప్పి ఉన్నాయి. తేడాలు పూర్తిగా తొలగిపోయాయని ఇంటికప్పు విభాగం వారు సంతోషంగా ఉన్నారు. కరెంటు మాత్రం ఎప్పటిలా తీగల మీదే వస్తోంది.

ఆ ఆదివారం సెలవు పెట్టుకుని సత్యానందం డాబా ఎక్కాడు. వీరవేణి ఒక పక్క ఊర మిరపకాయలు తిరగేస్తూ, ఇంకో పక్క పిట్టగోడ మీద కాగితం పెట్టుకుని ఫారం ఏడులో సున్నా చుడుతోంది. ఆయన కాసేపు పలకల వంక చూసి, బ్యాంకు వాయిదాలు ఇంకెన్నేళ్ళున్నాయో గుర్తొచ్చి నిట్టూర్చాడు.

"ఇంతకీ ఇది మనకి గిట్టినట్టా, గిట్టనట్టా వేణీ?"

"ఎందుకు గిట్టలేదండీ. ఇదివరకు మూడేసి రోజులు పట్టేది, ఇప్పుడు ఒక్క పూటలో ఎండుతున్నాయి" అంది వీరవేణి, పెన్ను మూత పెడుతూ. "అప్పడాలకే చోటు చాలట్లేదు. ఆ ఏజెంటు కనపడితే ఇంకో నాలుగు పలకలు వేయించమని చెప్పండి."